అంతర్వేది తీరమున పక్షిచిత్రములు

మాఘమాసమున జరుగు అంతర్వేది లక్ష్మీనరసింహస్వామివారి కల్యాణమును ఎఱుగని కోనసీమ గృహిణి యుండదు. కాని ఆ తీర్థపుసందడి అణగిన పిదప, వసిష్ఠానది సముద్రమున గలియు చోట నిలిచి చూచినవారు మనలో నెందరు? చలి వెడలుచు వసంత మింకను రాని ఆ దినములలో అచ్చట మఱియొక యాత్ర సాగుచుండును. ఆ యాత్రికులు పక్షులు.

గడచిన ఫాల్గుణమున నా తమ్ముని కుమారుడు కెమేరాతో బయలుదేరగా నేనును వెంట పోతిని. అమలాపురమున తెల్లవాఱకముందే బస్సెక్కి, రాజోలు మీదుగా సఖినేటిపల్లి చేరి, అచ్చటినుండి అంతర్వేదికి పోతిమి. దారిలో తీగపై పాలపిట్ట, కాలువగట్టున లకుముకిపిట్ట, దాళ్వా చేలలో నత్తలను వెదకు నత్తగుల్లకొంగలు కనుల పండువు చేసెను.

సంగమమున ఇసుకతిన్నెపై ఉల్లంకిపిట్టలు అలలతో పందెము వేసినట్లు పరుగులిడుచుండెను. వీనిలో కొన్ని జాతులు సైబీరియా ఉత్తరపుటంచున గ్రుడ్లు పెట్టి, చలికాలము గడపుటకై మన తీరములకు వచ్చును. వసంతము సమీపించినకొలది బూడిదవన్నె ఈకలు రాల్చి ఇటుకవన్నె తాల్చును. సుదీర్ఘప్రయాణమునకై తిని తిని ఒడలిలో క్రొవ్వు కూర్చుకొనును. అట్టివానిని తఱిమి ఎగురగొట్టుట, దూరదేశము పోవువారి దారిబత్తెము దోచుటయే. మావాడు సూర్యుని వీపువైపున ఉంచుకొని, పిట్ట కంటియెత్తునకు కెమేరా వచ్చునట్లు ఇసుకపై బోరగిల పండుకొని, కదలక వేచియుండెను. పిట్టలే దగ్గఱకు వచ్చెను. సెకనులో వేయవవంతు కాలమున చాచిన రెక్క చిత్రమున నిలిచెను.

తిరిగివచ్చునపుడు ఒక బీడులో తీతువుపిట్ట మా తలలపై తిరుగుచు కేకలు పెట్టెను. తీతువు కూత కీడు తెచ్చునని చిన్నతనమున విన్న మాట జ్ఞప్తికి వచ్చి నా గుండె ఝల్లుమనెను. గడ్డి కోయుచున్న ఒక ముసలమ్మ నవ్వి, “శకునం కాదమ్మగోరూ, అది మిమ్మల్ని తిడతందండి. మీ కాళ్ళకాడే గుడ్లున్నాయి, చూసి అడుగెయ్యండి” అనెను.

నిజమే. మూరెడు దూరమున మట్టివన్నెవి నాలుగు గ్రుడ్లు! ఇంకొక అడుగు వేసియుండినచో?

“తల్లి వచ్చి కూర్చునేదాకా ఉందాం అత్తా, ఒక్క ఫొటో” అని మావాడు బ్రతిమాలెను. నాకును ఆశ కలిగెను. కాని ఎండ ముదురుచుండెను. ఈ పక్షి గ్రుడ్లకు తన ఒడలే నీడగా నిలుచును. ఎండ తీవ్రమైనపుడు పొట్టయీకలు నీట తడిపివచ్చి వానిని చల్లబఱచును. మే మచ్చట నిలిచినంతసేపు ఆ గ్రుడ్లు ఎండలో కాగవలసినదే. వానిని లేవదీసి దూరముగా నడిచితిని. కొంతసేపటికి వెనుదిరిగి చూడగా తల్లి నడచివచ్చి గ్రుడ్లపై కూర్చుండెను. కెమేరా కందని దూరమది. ఆ చిత్రము మాకు లేదు.

ఆంగ్లదేశమున ఎమ్మా టర్నర్ అను వనిత 1911లో తీసిన కొంగజాతి పిల్ల చిత్రమువలన, ఆ దేశమున గూడుకట్టుట మానెనని తలచిన పక్షి మరల పిల్లలను పెట్టుచున్నదని లోకమునకు తెలిసెను. చిత్ర మిట్టి మేలు చేయగలదు. గూటిని చెఱచి తీసినది మాత్రము మేలు కానేరదు.

సోదరీమణులారా! ఈసారి తీతువు కూసినపుడు పిల్లలను రాయి విసరనీయకుడు. అది మన కపశకునము కాదు, తన బిడ్డలకు కావలి.