పులి–మేక కూడా పాఠమే

నేను వీడియో గేములు తయారు చేస్తాను, తయారు చేయడం నేర్పిస్తాను. మా నస్పూర్‌లో ఈ మాట చెబితే పెద్దలు ముందుగా అడిగేది ఒకటే: "పైసలు పెట్టి ఆడేదా బిడ్డా?" ఆ భయం ఊరికే రాలేదు. ఆన్‌లైన్ రమ్మీలో జీతం పోగొట్టుకున్న ఇళ్లను వాళ్లు చూశారు. పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ ప్రభుత్వం 2017లోనే నిషేధించింది. నా పని అది కాదు. ఆటకు నియమాలు ఆలోచించడం, ఆ నియమాలతో ఒక కథ నడిపించడం నా పని.

మేం గోండులం. మా బాపు శ్రీరాంపూర్ ఏరియాలో బాయి పని చేశాడు. సెలవుల్లో తాత ఊరికి పోతే బండ మీద గీసిన పులి–మేక ఆడేవాళ్లం. 3 పులులు, 15 మేకలు. పులి మేక మీదుగా దూకి దాన్ని తినేస్తుంది. మేక దూకలేదు, తినలేదు. కానీ మేకలన్నీ కలిసి పులులకు కదిలే చోటు లేకుండా చేస్తే గెలుపు మేకలదే. రెండు వైపులా బలం వేరు, అయినా ఎవరైనా గెలవొచ్చు. గేమ్ డిజైన్‌లో దీన్నే బ్యాలెన్స్ అంటారు. నా తరగతిలో మొదటి వారం కంప్యూటర్ ముట్టం. సుద్దతో గీసి, ఒకసారి 12 మేకలతో, ఒకసారి 18 మేకలతో ఆడి, ఎవరు ఎన్నిసార్లు గెలిచారో రాసుకుంటాం. సంఖ్య మారితే ఆటే మారిపోతుందని పిల్లలకు అప్పుడే తెలుస్తుంది.

తర్వాత సొంత ఆట గీయమంటే చాలామంది శత్రువుగా ఈకలు, బల్లెం ఉన్న అడవి మనిషిని గీస్తారు. వాళ్లు ఆడిన ఆటల్లో చూసింది అదే. నేను తిట్టను. "ఇందులో మీ తాత ఎటువైపు ఉన్నడు?" అని అడుగుతాను. గది నిశ్శబ్దమవుతుంది. ఆ తర్వాత గీసే బొమ్మలు వేరుగా ఉంటాయి.

ఒక అమ్మాయి బాయి మీద ఆట చేసింది. అందులో తుపాకీ లేదు. ఇనుప కడ్డీతో పైకప్పును తట్టి వినాలి. ఖంగుమంటే గట్టి కప్పు, డొల్లగా మోగితే కింద నిలబడొద్దు. వాళ్ల నాన్న రోజూ చేసే పనే అది. చెవితో ఆడే ఆట కావడం దాని బలం.

ఇలాంటి పని దూరదేశపు ఆదివాసులు చేసి చూపించారు. అలాస్కాలోని ఇన్యుపియాక్ ప్రజల కథతో 2014లో ‘నెవర్ అలోన్’ అనే గేమ్ వచ్చింది. ఒక బాలిక, ఒక తెల్ల నక్క కలిసి మంచు తుఫాను మూలం వెతుక్కుంటూ పోతారు. అక్కడి గిరిజన మండలి దాని వెనుక నిలబడింది. పెద్దలు తయారీదారులతో కూర్చున్నారు. కథ వాళ్ల భాషలోనే వినిపిస్తుంది.

మనకూ ఆ పద్ధతే కావాలి. కేస్లాపూర్ నాగోబా పూజ మెస్రం వంశం వారిది. బాగుంటుంది కదా అని దాన్ని ఎవరూ తెర మీదికి ఎత్తుకోకూడదు. పెద్దలు ఒప్పుకుంటేనే చేయాలి, వద్దంటే ఆగాలి. లిపి విషయంలో మాత్రం దారి తెరిచే ఉంది. గుంజాల గోండి లిపి 2018లో యూనికోడ్‌లో చేరింది, ఫాంటు ఉచితంగా దొరుకుతుంది. గేములు తయారుచేసే ‘గొడో’ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే.

తమ్ముళ్లూ చెల్లెళ్లూ, ఇది సింగరేణి నౌకరీలా నిలకడైన బతుకు కాదు. 2023, 2024లో ప్రపంచమంతటా గేమ్ కంపెనీలు వేలమందిని తీసేశాయి. అందుకే చదువు ఆపొద్దు. బొమ్మలు, ప్రోగ్రామింగ్, శబ్దం, వీటిలో ఒకటి గట్టిగా నేర్చుకోండి. సగంలో వదిలేసిన పెద్ద ఆట కంటే పూర్తిచేసిన ఐదు నిమిషాల ఆట మీ పనితనాన్ని బాగా చూపిస్తుంది.

ఉపాధ్యాయ మిత్రులకు ఒక విన్నపం. పిల్లవాడి చేతిలో ఫోన్ గుంజుకునే ముందు ఒక్కమాట అడగండి: "ఈ ఆటలో ఏ నియమం మారుస్తవు? ఎందుకు?" వాడు జవాబు వెతకడం మొదలుపెడితే, అక్కడ పాఠం మొదలైనట్టే.