రషీదియా లేదు

21 సెప్టెంబర్ 2025, ఆదివారం. శంషాబాద్

పెత్రమాస. టికెట్ ఈ రోజే అగ్గువ దొరికింది. "పెత్రమాస నాడు ఎవలన్న ఇల్లిడిసి పోతరా" అన్నది అమ్మ. అయ్యగారికి బియ్యం ఇచ్చుకుంటనే అన్నది.

బాపు సిరిసిల్ల బస్టాండు దాక వచ్చిండు. పైలం అనలే. పైసలున్నయా అనలే. "రషీదియా సూడు" అన్నడు. బస్సు కదిలినంక కిటికీ పక్కపొంటి నాలుగు అడుగులు నడిచి మళ్ళొకసారి అదే మాట.

సామాను 16 కిలోలు. నాది 7. మిగిలింది ఊరిది. మామిడికాయ తొక్కు మూడు డబ్బాలు, సకినాలు, గరిజెలు. మూడిండ్లోళ్ళు మూడు పేర్లు రాసిచ్చిన్రు.

లైన్ల నా ముందట ఇరవై ఏండ్ల పోరడు. "అక్కా, ఇదేడికి పోవాలె?" గేటు నంబరు చూపించిన. ఆయన పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ముద్ర. పది పాసు కానోళ్ళకు పడేది. బాపు దాని మీద కూడా ఉండె. నా దాని మీద లేదు.

కౌంటర్ల ఆఫీసర్: "ఒక్కరేనా?" ఇయ్యాల్టికి నాలుగోసారి.

అదే రాత్రి. దుబాయి

గడియారం గంటన్నర వెనుకకు తిప్పిన. బాపు ఇక్కడి నుంచి ఫోన్ చేసినప్పుడల్ల "మీకు ఎంతయింది?" అని అడిగేటోడు. ఎంతయిందో ఆయనకు తెలుసు.

విమానంల నా పక్కన కూసున్నోళ్ళంత ఇప్పుడు గోడకు ఒక వరుసల నిలబడ్డరు. కంపెనీ మనిషి కాయితం చూసి ఇంటిపేర్లు పిలుస్తుండు. ఎవలూ పలుకుతలేరు. వాళ్ళను ఆ పేరుతోని పుట్టినకాంచి ఎవలూ పిలువలే. ఐదారు పిలుపులైనంక ఒకాయనకు సమజయింది, పక్కోళ్ళకు చెప్పిండు. అప్పుడు చేతులు లేచినయి.

బయట అడుగు పెట్టంగనే కండ్లద్దాలు మబ్బు పట్టినయి. లోపట ఏసీ, బయట ఉడుకు తడి గాలి. రాత్రి పదిన్నర. కొంగుతోని తుడిస్తే మళ్ళ పట్టినయి. మొదటి ఐదు నిమిషాలు దుబాయి నాకు కనబడనే లేదు.

22, సోమవారం. డేరా

చిన్నప్పుడు దుబాయి చలి దేశం అనుకునేదాన్ని. బాపు 2007ల వచ్చినప్పుడు తెచ్చిన కంబలి మీద పులి బొమ్మ. రెండు పొరలది. ముగ్గురం కప్పుకున్నా మిగిలేది. అంత మందం కంబళ్ళు అమ్మే ఊర్ల ఎంత చలి ఉండాలె! బడిల ఎడారి పాఠం చదివినంక కూడా ఆ లెక్క మారలే. ఎడారి వేరే ఎక్కడనో ఉంటదనుకున్న.

ఇయ్యాల నైఫ్ గల్లీల అదే పులి. ప్లాస్టిక్ కవర్ల, జిప్పు పెట్టి, ఒకదాని మీద ఒకటి ఎనిమిది. బయట 39 డిగ్రీలు. లేబుల్ మీద చైనా.

"ఎవరు కొంటరు?" హిందీల అడిగిన. దుకాణమాయన కేరళాయన.

"ఇంటికి పోయేటోళ్ళు."

దిర్హం 24 రూపాయలు. బాపు ఉన్నప్పుడు 13. పొద్దటి చాయ్ 24 రూపాయలు. మంచినీళ్ళ సీసా 24 రూపాయలు. సాయంత్రానికి లెక్క గట్టుడు బంద్ చేసిన. లేకుంటే ఆకలితోని పండాలె.

పగలు ఒంటిగంటకు రోడ్డు మీద పని. మొఖాలకు గుడ్డలు చుట్టుకున్నరు, కండ్లు తప్ప ఏం కనబడది. జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగలు పన్నెండున్నర నుంచి మూడింటి వరకు ఎండల పని చేయించొద్దని ఇక్కడి రూలు. 2005 నుంచి ఉన్నది. ఇయ్యాల 22. ఎండకు తారీఖు ఎవలు చెప్పాలె?

23, మంగళవారం

బోర్డుల మీద అరబ్బీ, ఇంగ్లీషు. దుకాణాల మీద మలయాళం, హిందీ, ఉర్దూ. తెలుగు అక్షరం ఎక్కడన్న ఉన్నదా అని రెండు రోజులు వెతికిన. దొరికింది. కార్గో దుకాణం అద్దం మీద చేతిరాత: "కరీంనగర్ నిజామాబాద్ డోర్ డెలవరి". గుడి ఒకటి తక్కువయింది. దిద్దాలని చెయ్యి పోయింది, పిల్లల నోట్‌బుక్కు ముందట పెట్టుకున్నట్టు. తర్వాత చాలాసేపు ఆ అక్షరాలనే చూసుకుంట నిలబడ్డ. "డ" మంచిగ రాసిండు.

నోల్ కార్డు కొన్న. 25 దిర్హాలు, అందుల 19 ప్రయాణానికి.

మెట్రో పటంల ఎర్ర లైను వేలు పెట్టి చదివిన. ఒకసారి ఇటు నుంచి అటు, ఒకసారి అటు నుంచి ఇటు. రషీదియా లేదు.

వాట్సాప్‌ల కాల్ ఇక్కడ కలవది. బోటిమ్ అని వేరేది ఉన్నది. తమ్ముడు బాపు ఫోన్ల దాన్ని ఎక్కించేసరికి రాత్రి అయింది.

"రషీదియా లేదు బాపూ."

"లేకుంట యాడికి పోతదే. నేను కట్టిన."

హోటల్ పిలగాణ్ణి అడిగితే తెలిసింది. పేరు మారింది. ఇప్పుడు సెంటర్‌పాయింట్. మళ్ళ ఫోన్ చేసిన.

"అదెవల పేరు?"

"బట్టల దుకాణం పేరు."

చాలాసేపు ఏం అనలే. "స్టేషన్ అయితే ఉన్నది గదా" అన్నడు.

24, బుధవారం. సెంటర్‌పాయింట్

ఆడోళ్ళ డబ్బా వేరే. నేల మీద గులాబీ గీత. గీత అవతల మగోళ్ళు ఒకరి మీద ఒకరు నిలబడ్డరు, ఇవతల సీట్లు ఖాళీ. ఫిలిప్పీన్స్ అమ్మాయి పట్టీల చెయ్యి ఇరికించుకొని నిలబడే నిద్రపోతుంది. సీటు చూపించిన. తల అడ్డంగ ఊపింది. కూసుంటే దిగేది తప్పిపోతదని కావచ్చు.

డ్రైవర్ లేడు. మొదటి అద్దం కాడ ఇద్దరు పిల్లలు ముక్కులు ఆనించి నిలబడ్డరు.

చలి. నిజమైన చలి. చున్నీ భుజాల నిండ కప్పుకున్న.

బాపు 2005ల వచ్చిండు. సెంట్రింగ్ పని. 2006 నుంచి మెట్రో మీద. 2009 ఆగస్టుల ఇంటికి పంపిన్రు. పనులు ఆగిపోయిన ఏడు అది, విమానాల నిండ మనోళ్ళే వాపస్ వచ్చిన్రు. రెండు నెలల జీతం రానే లేదు. సెప్టెంబర్ 9 రాత్రి 9 గంటల 9 నిమిషాల 9 సెకన్లకు ఇక్కడ మొదటి రైలు కదిలింది. ఆ రోజు తెరిచిన పది స్టేషన్లల రషీదియా ఒకటి. బాపు ఆ రోజు మా మక్కచేన్ల ఉన్నడు.

కప్పు ఆల్చిప్ప లెక్క ఉన్నది. బాపు చెప్పిండు గని నేను చిన్నప్పుడు ఆల్చిప్ప చూడలే. తాబేలు లెక్క ఊహించుకున్న.

పార్కింగ్ దిక్కు పోయిన. అక్కడ రంగు వేయని కాంక్రీటు గోడ. వీడియో కాల్ పెట్టిన.

"దగ్గరికి పో. ఇంకా దగ్గరికి. గోడ మీద గుండ్రటియి కనబడ్తున్నయా?"

కనబడ్డయి. దూరం నుంచి నున్నటి గోడ. జానెడు దూరంల నిలబడితే వేరే. నిలువు గీత, అది రెండు పలకల అతుకు. అతుకుకు అటూ ఇటూ రూపాయి బిళ్ళంత అచ్చులు, సమానంగ, పైకి పోయిన కొద్దీ అదే దూరం. అచ్చుల రంగు చుట్టు గోడ కన్న కొంచెం నలుపు.

"అవి రాడ్డు బొక్కలు. పలకలు పట్టి ఉంచేటియి. పలకలు ఇప్పినంక మాలు పెట్టి మూస్తం."

"దేనితోని?"

"తాపీ ఉంటే తాపీతోని. లేకుంటే బొటనవేలుతోని."

నా ఎత్తుకు కొంచెం మీద ఒక అచ్చుల నొక్కిన గుంత. మునివేళ్ళ మీద లేచి నా బొటనవేలు పెట్టిన. చుట్టూ జాగ మిగిలింది. బాపుదే కావాలని లేదు. రాజస్థానోళ్ళు, బెంగాలోళ్ళు, పాకిస్తానోళ్ళు చాలామంది చేసిన్రు. గోరుతోని గీకిన, రాలలే. పదహారేండ్లయినా ఇసుక రేణువంత రాలలే.

"అటు తిప్పు. ఇంకా అటు. ఆ మూల నాది" అన్నడు బాపు. ఫోన్ల ఆయన మొఖం సగమే కనబడ్తుంది, చెవు కాడికి పెట్టుకున్నడు. వీడియో అని మర్చిపోయిండు.

సెక్యూరిటీ ఆయన వచ్చిండు. నేపాల్. గోడను ఎందుకు వీడియో తీస్తున్నవని అడిగిండు. "మేరే పితాజీ నే బనాయా" అన్న. ఆయన గోడను చూసిండు, తల ఎత్తి కప్పును చూసిండు, నా ఫోన్ తీసుకున్నడు. గోడ పక్కన నన్ను నిలబెట్టి మూడు ఫొటోలు తీసిండు. మూడోదాంట్ల నేను కండ్లు మూసుకున్న. అదే బాపుకు పంపిన, దాంట్ల గోడ మంచిగ వచ్చింది.

"లోపట చల్లగుంటదా?" బాపు అడిగిండు.

"చలి పెడ్తది."

"రైలు ఊగుతదా?"

"ఊగది."

"ఊగొద్దు" అన్నడు.

26, శుక్రవారం

మసీదు నిండి బాట మీద దాక చాపలు. అందరూ ఒక్కసారి వంగిన్రు. ఆ నిమిషం గల్లీల నేను, ఒక పిల్లి.

మా ఇంట్ల శుక్రవారం అంటే బాపు ఫోన్. వాళ్ళకు శుక్రవారం సెలవు. పక్కింటి ఫోన్‌కు చేసేటోడు. బడి నుంచి ఉరికొచ్చేదాన్ని. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు. అమ్మ తన రెండు నిమిషాలు సుత నాకే ఇచ్చేది. బీడీలు చుట్టుకుంటనే వినేది, చాట దించకపోయేది. ఇప్పుడు ఇక్కడ వారం మారింది. 2022 నుంచి సర్కారు సెలవు శని, ఆదివారాలు.

27, శనివారం. అబ్రా

కాలువ దాటే చెక్క పడవ. ఒక దిర్హం. పడవ నడుమ బల్ల, రెండు దిక్కుల వీపులు ఆనించి కూసుంటరు. పడవాయన కాలుతోని చుక్కాని తిప్పుకుంట చేతితోని పైసలు వసూలు చేస్తుండు.

నా వెనుక నుంచి తెలుగు. ఫోన్ల ఎవలనో పొలం మందు గురించి కోపం చేస్తుండు. అయిపోయేదాక ఆగి అడిగిన.

"కోరుట్ల" అన్నడు. "నువ్వు?"

"వీర్నపల్లి."

"ఏ వీర్నపల్లి?"

"ఎల్లారెడ్డిపేట పక్కన. ఇప్పుడు మండలం."

"ఆఁ. మన జిల్లనే."

2016ల జిల్లాలు పంచిన్రు, కోరుట్ల జగిత్యాలకు పోయింది, మాది రాజన్న సిరిసిల్ల అని చెప్పిన. ఆయనకు తెలుసట. ఇక్కడికి వచ్చి పంతొమ్మిదేండ్లు. "నా పాస్‌పోర్టుల కరీంనగరే ఉన్నది" అన్నడు. ఇంతల అవతలి ఒడ్డు వచ్చింది. నా దిర్హం ఆయనే ఇచ్చిండు. ఎన్ని సార్లు చెప్పినా వినలే. "ఆడివిల్లవు" అన్నడు.

ఒక్కదానివేనా అని అడగలే. వారంల అడగనోడు ఆయనొక్కడే.

28, ఆదివారం. సోనాపూర్

పటంల సోనాపూర్ లేదు. బస్సు మీద ముహైస్నా. బస్సుల అందరూ సోనాపూర్ అంటరు.

ఆడోళ్ళను క్యాంపు లోపటికి రానియ్యరు. తొక్కు డబ్బాలు అందుకోవాల్సిన ముగ్గురూ గేటు కాడికి వచ్చిన్రు. స్నానం చేసి, అంగీలు ఇస్త్రీ చేసుకొని, తల దువ్వుకొని. ఒకరిది రంగంపేట, ఒకరిది గర్జనపల్లి, ఒకరు మా ఊరే. మా ఊరాయనకు నేను అఆలు నేర్పే పంతులమ్మనని తెలుసు, చేతులు కట్టుకున్నడు.

రంగంపేటాయన డబ్బా మూత అక్కడనే తీసిండు. తినలే. వాసన చూసి మూసిండు. ఇంకొకసారి తీసి వాసన చూసిండు.

"వాన పడ్డదా అక్కా?"

"మస్తు. నర్మాల మత్తడి దుంకింది."

"వీడియోలు చూసిన. మా చెరువు?"

"నిండింది."

ముగ్గురు ఒక్కసారి నవ్విన్రు. నారుమళ్ళు, కరెంటు, ఎవల పెండ్లి ఎప్పుడు. అప్పు సంగతి చివరికి వచ్చింది. నూటికి రెండు రూపాల మిత్తి. ఇంకో పదకొండు నెలలు తీరది. మా ఊరాయన వేళ్ళ మీద లెక్క చెప్పిండు, తప్పు లేకుంట.

గర్జనపల్లాయన పోయేటప్పుడు ఒక్కడే గేటు దాక మళ్ళ వచ్చిండు.

"అక్కా, ఐదు లక్షలు నిజంగ ఇస్తున్నరా? చనిపోయినోళ్ళ ఇంటికి?"

"ఇస్తున్నరు. 2024ల జీవో వచ్చింది."

"మంచిది" అన్నడు. "మా రూముల ఒకాయన అడగమన్నడు."

ఇరవై నాలుగేండ్లుంటయి. అంగీ గుండీలు మెడ దాక పెట్టుకున్నడు.

బస్సు వచ్చేదాక నిలబడ్డ. ఎండ. కండ్లద్దాలు ఈసారి తుడుచుకోలే.

30, మంగళవారం. వీర్నపల్లి

ఎల్లారెడ్డిపేట కాడ ఆటో ఎక్కిన. అరుగు మీద తంగేడు పువ్వు కుప్ప, పక్కన గునుగు. అమ్మ గునుగు కాడలు సమానంగ కోస్తుంది, బీడీ ఆకు కోసినట్టే. నన్ను చూసి కత్తెర ఆపలే. "తిన్నవా" అన్నది.

బాపుకు ఏం తేలే. ఖర్జూరాలు అమ్మకు, తమ్మునికి షర్టు. బాపుకు ఏం తేవాలో ఆ ఊర్లె నాకు సమజ్ కాలే. నోల్ కార్డు ఇచ్చిన.

అటూ ఇటూ తిప్పి చూసిండు. అంగీకి తుడిచిండు. పాత బతాకా, దుబాయి గుర్తింపు కార్డు, పెట్టుకునే ప్లాస్టిక్ కవర్ తెచ్చి దాని పక్కన పెట్టిండు.

"ఇందుల ఇంకా పైసలున్నయా?"

"ఆరు దిర్హాలు."

పెదవులు కదిలినయి.

"డెబ్బై ఎనిమిది రూపాలు" అన్నడు.