సాగరగర్భంలో సిమెంటు దిబ్బలు

మేడిపల్లి నుండి సముద్రం వందల కిలోమీటర్ల దూరం. ఉప్పల్ దారిలోని దుకాణాల్లో మనకు ఎక్కువగా కనిపించేవి చెరువు చేపలే: రవ్వ, బొచ్చె, అప్పుడప్పుడు కొర్రమేను. అందుచేత ఫిఖ్హ్ పాఠంలో రొయ్య చేపా కాదా అన్న చర్చను సముద్రమే చూడని విద్యార్థులకు బోధిస్తూ వచ్చాము. (హనఫీ పండితులలోనే దీనిపై భిన్నాభిప్రాయాలున్నాయి, అది మరోసారి.)

మొన్న చలికాలం కొందరు విద్యార్థులతో విశాఖపట్నం వెళ్ళాము. ఫజ్ర్ నమాజు ముగించుకొని చేపలరేవు చేరేసరికి వేలంపాట సాగుతున్నది. వంజరం, చందువ, కానాగడతలు రాశులుగా పోసి ఉన్నాయి. మా కంటికి అది సమృద్ధిగానే తోచింది. వల బాగుచేసుకుంటున్న ఒక వృద్ధ మత్స్యకారుడు మాత్రం, "ఇయన్నీ మరబోట్ల చేపలు సాయిబుగారూ. మా తెప్పలకి ఒడ్డుకాడ ఏటీ మిగల్లేదు" అన్నాడు.

ఈ లోటు తీర్చడానికే కృత్రిమ దిబ్బలు. ఇసుక, బురద పరచుకున్న చదునైన అడుగున చేపకు చాటు ఉండదు. అక్కడ బోలుగా పోతపోసిన కాంక్రీటు దిమ్మెలను దించుతారు. వాటిపై మొదట నాచు, ఆల్చిప్పలు పట్టుకుంటాయి. చిన్న చేపలు మేతకూ దాపుకూ చేరతాయి. వాటి వెనుక పెద్దవి వస్తాయి. కొచ్చి కేంద్రంగా ఉన్న కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటి నమూనాలు రూపొందించింది. 2020లో మొదలైన ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద ఆంధ్రప్రదేశ్ తీరానికీ ఇవి మంజూరయ్యాయి.

దిబ్బలు చేపలను వృద్ధి చేస్తాయా, లేక చెదిరి ఉన్నవాటిని పోగుచేసి పట్టేవారికి సులువు చేస్తాయా అన్నది శాస్త్రజ్ఞులలో పాత వివాదం. మాకు మరో ప్రయోజనమే పెద్దదిగా కనిపించింది. సముద్రపు అడుగును ఈడ్చుకుపోయే ట్రాల్ వల దిమ్మెకు తగిలితే చిరుగుతుంది. కనుక మరబోటు అటు రావడానికి జంకుతుంది.

ఏది పడితే అది ముంచితే దిబ్బ కాదు. 1970లలో అమెరికాలోని ఫ్లోరిడా తీరాన సుమారు 20 లక్షల పాత టైర్లను ఇదే ఉద్దేశంతో సముద్రంలో వేశారు. కట్లు తెగి, అలలకు కొట్టుకుపోయి, అవి సహజమైన పగడపు దిబ్బలనే దెబ్బతీశాయి. నేలపైనా నీటిలోనూ మానవుల చేతలవల్ల వ్యాపించే కల్లోలాన్ని ప్రస్తావించే సూరె రూమ్ 41వ ఆయత్‌ను బోధించేటప్పుడు ఇకపై ఈ ఉదాహరణ చెబుతాము.

తిరుగు రైలులో ఒక విద్యార్థి అడిగాడు: "ఉస్తాద్, సముద్రపు చేప పట్టినవాడిదే కదా. మరి ప్రభుత్వ ధనంతో దించిన దిబ్బ దగ్గర చేరిన చేప ఎవరిది?" అదీ పట్టినవాడిదేనన్నాము. అయితే పొరుగువాడికి హాని చేసే పట్టు ధర్మసమ్మతం కాదనీ చెప్పాము. రేవులోని పెద్దాయన అడిగింది ఇంకా సూటిగా ఉంది: "దిమ్మెలేస్తారు సరే, దాని సుట్టూ పెద్ద వల తిప్పీసీవోడిని ఆపీదెవులు?"