ఒక హెడ్మాస్టరు గెలుపు, ఓటమి

2020 జూన్‌లో న్యూయార్కులో జమాల్ బోమన్ గెలిచాడని విని, పాఠాలు చెప్పుకు బతికేవాణ్ణి గనక, కాస్త ఎక్కువగానే సంతోషించాను. ఆయన బ్రాంక్సులో ఒక ప్రభుత్వ పాఠశాల స్థాపించి నడిపిన హెడ్మాస్టరు. ఓడిన ఎలియట్ ఏంగెల్ 1989 నుంచీ అమెరికన్ కాంగ్రెసు సభ్యుడు, విదేశాంగ సంఘాధ్యక్షుడు. అది డెమొక్రాటిక్ పార్టీ అభ్యర్థిని ఆ పార్టీ వోటర్లే తేల్చే ప్రైమరీ. అక్కడ గెలిస్తే నవంబరులో గెలిచినట్టే. ఆ నెలలోనే ఒకచోట మాట్లాడే అవకాశం అడుగుతూ ఏంగెల్, ప్రైమరీ లేకపోతే తనకీ పట్టింపే ఉండేది కాదన్నాడు. మైకు పట్టేసింది! పదహారు సార్లు నెగ్గినవాడి నోట నిజం అలా జారింది.

ఇది జనచైతన్యపు విజయమని అభ్యుదయ కవిత్వం పాఠం మధ్యలో క్లాసులో చెప్పాను. తొందరపడ్డాను.

2024 జూన్‌లో బోమన్‌ను జార్జ్ లాటిమర్ ఓడించాడు. గాజా యుద్ధాన్ని విమర్శించిన బోమన్ మీద, ఇజ్రాయెల్ పక్షం వహించే ఏపాక్ తాలూకు సంస్థ కోటీ నలభై లక్షల డాలర్లకు పైగా గుమ్మరించింది. డబ్బే ఓడించిందంటారు మిత్రులు. నాకది సగం జవాబుగానే తోస్తుంది. 2022లో హద్దులు మారి బ్రాంక్సు చాలావరకు పోయింది, వెస్ట్‌చెస్టర్ పాలు పెరిగింది. లాటిమర్ ఆ కౌంటీకే పాలనాధికారి, ఊరూరా ఎరిగినవాడు. బోమన్ అప్పటికి కొత్తవాడు కాడు, తానే సభ్యుడు.

ఈసారి క్లాసులో రెండు ఎన్నికలూ కలిపి చెప్పాను. హద్దుల పటం కూడా బోర్డు మీద గీశాను, వంకరగానే అనుకోండి.