రెండోసారి ఆట

ధర్మరాజు జూదం పాఠం చెప్పినప్పుడల్లా మా సిద్దిపేట పిల్లలు ఒకటే అడుగుతారు: "పోయిందంతా ద్రౌపది పుణ్యమా అని తిరిగి వచ్చింది గదా సార్! మళ్ళీ పిలిస్తే ఎందుకు పోయిండు?" ఇరవై ఏళ్ళుగా ఏదో ఒక జవాబు చెబుతూనే ఉన్నాను. అసలు జవాబు మా బావమరిది చెప్పాడు.

తెలంగాణలో జూదం మీద 1974 నాటి చట్టం ఉంది. 2017లో ఆన్‌లైన్ ఆటలనూ అందులో చేర్చారు. గోవాలో మాత్రం 1992లో చట్టం సవరించి, పెద్ద హోటళ్ళలో స్లాట్ మెషీన్లకు అనుమతి ఇచ్చారు. తరువాత ఓడలూ వచ్చాయి. పోయినేడు మా వాడు పణజి వెళ్ళి, మాండవి నది మీది అలాంటి ఓడలో 40,000 సమర్పించి వచ్చాడు.

మొన్న బోనాలకు వచ్చినప్పుడు, "ఈసారి కిటుకు తెలిసింది బావా! మెషీను చాలాసేపు ఇయ్యకుంటే, ఇచ్చే టైము దగ్గరపడ్డట్టేనట" అన్నాడు. చేతిలో చిట్టీ ఎత్తిన లక్ష ఉంది. కూతురి ఇంజనీరింగు ఫీజుకని మా చెల్లెలు, అంటే అతని భార్య, నెలనెలా కట్టిన చిట్టీ అది.

నేను కాగితం తీశాను. "పోయిన ఆట దానికి గుర్తుండదురా. నువ్వు బొత్తాము నొక్కిన క్షణాన లోపలి కంప్యూటరు ఒక అంకె తీస్తుంది. తిరిగే బొమ్మలు ఆ ఫలితాన్ని చూపే తోలుబొమ్మలు. రెండు గంటలు పడి మూడోది కొద్దిలో తప్పిందంటే, నువ్వు గెలుపుకు దగ్గరపడ్డట్టు కాదు. నూటికి 95 తిరిగిచ్చే ఉదార యంత్రమే అనుకో. ఆటకు 10 రూపాయలు, నిమిషానికి 10 ఆటలు. గంటలో 6,000 పందెం కాస్తావు. సగటున 300 దానికి పోతాయి. శకునికైనా మాయపాచికలు కావలసి వచ్చాయి. దీనికి లెక్క చాలు. పైగా గెలిచినదాని మీద నూటికి 30 ఆదాయపు పన్ను. ఓడినదానికి మినహాయింపు లేదు."

"మరి ఆడేదెట్లా?"

"సినిమా టిక్కెట్టు కొన్నట్టు. పోయినా ఇల్లు కదలని పైకమే జేబులో పెట్టుకో. అయిపోతే లేచి రా."

కాసేపు ఊరుకొని, "మరి ఆ నలభై వేలు?" అన్నాడు.

అప్పుడు అర్థమయింది. పెదతండ్రి పిలుపు కాదనలేకపోయాడని కథ చెబుతుంది. కాని రాజ్యం తిరిగి వచ్చినా, ఓడిపోయానన్న బాధ ధర్మరాజు మనసులోంచి పోయి ఉండదు.

మా చెల్లెలు ఈ చర్చ ఏదీ వినలేదు. సోమవారం పొద్దున్నే వెళ్ళి కాలేజీలో ఫీజు కట్టి, రసీదు బీరువాలో పెట్టింది.