అల్మేరియా: ప్లాస్టిక్ కప్పు కింద నాలుగు మూలస్తంభాలు

స్పెయిన్ ఆగ్నేయ తీరంలో, మధ్యధరా సముద్రపు ఒడ్డున అల్మేరియా నగరం ఉంది. కావలిబురుజు అని అర్థమిచ్చే ‘అల్ మరియ్యా’ అనే అరబీ పదం నుండి ఈ పేరు వచ్చింది. క్రీ.శ. 955లో కార్డోబా ఖలీఫా మూడవ అబ్దుర్రహ్మాన్ హయాంలో మొదలైన కోట నేటికీ కొండమీద నిలిచి ఉంది.

1349లో కన్నుమూసిన పండితుడు ఇబ్న్ లుయూన్ ఈ నగరవాసి. ఆయన సేద్యశాస్త్రాన్ని అరబీ పద్యాలలో రచించారు. నేల, నీరు, ఎరువు, శ్రమ అనే నాలుగింటిని సేద్యానికి మూలాలుగా అందులో వివరించారు. ఆ నాలుగింటినీ మనసులో ఉంచుకొని నేను పశ్చిమంగా ఎల్ ఎహీదో పట్టణానికి బస్సులో బయలుదేరాను.

తీరాన్ని ఆనుకొన్న కొండలు దాటగానే మైదానమంతా తెల్లగా కనిపించింది. ఆ తెలుపంతా పాలీహౌసుల కప్పులే. ఈ రాష్ట్రంలో అవి 30 వేల హెక్టార్లకు పైగా విస్తరించాయి. ఏడాదికి సుమారు 200 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురిసే ఈ ప్రాంతం నుండి చలికాలంలో ఐరోపాకు టమాటాలు, క్యాప్సికం, కీరదోసలు ఎగుమతి అవుతాయి.

ఇక్కడి నేల చాలావరకు మనిషి పేర్చినదే. అడుగున బంకమన్ను, దానిపై పశువుల ఎరువు, ఆపైన ఇసుక పరుస్తారు. ఇసుక పొర తేమను ఆవిరి కానివ్వదు. నీరు, పోషకాలు బిందుసేద్యపు గొట్టాల ద్వారా కొలత ప్రకారం వేరుకు చేరతాయి. వేసవిలో కప్పుపై సున్నం పూసి ఎండను తగ్గిస్తారు. పరాగసంపర్కానికి తుమ్మెదలను, తెల్లదోమను అణచడానికి దానిని తినే పురుగులను లోపల వదులుతారు.

అయితే దశాబ్దాలుగా తోడిన భూగర్భజలం అడుగంటుతోంది. తీరం వెంబడి కొన్నిచోట్ల ఉప్పునీరు చొరబడింది. అందుకే సముద్రపు నీటిని శుద్ధిచేసి పొలాలకు అందిస్తున్నారు.

ఇక నాలుగవది శ్రమ. జుహర్ నమాజుకు ఆగిన చిన్న మసీదులో వరుసలన్నీ మొరాకో, సెనెగల్, మాలీ దేశాల కూలీలతో నిండి ఉన్నాయి. నమాజు ముగిశాక ఒక మొరాకో సోదరుడు వచ్చీరాని ఆంగ్లంలో తన సంగతి చెప్పాడు. పాత ప్లాస్టిక్ పట్టాలతో కట్టుకున్న గుడిసెలో అతని నివాసం. దానికి కుళాయి లేదు. తాగే నీటిని రోజూ డబ్బాలతో మోసుకొస్తాడు. పగలంతా అతడు పనిచేసే కప్పు కింద మాత్రం ప్రతి మొక్క మొదటా నీటి గొట్టం ఉంది.

వుజూ నీటిలో సైతం పొదుపు నేర్పి, కూలివాని హక్కును యజమాని మెడపై బాధ్యతగా మోపిన ధర్మం మనది. మన తెలుగు నేలపైనా పాలీహౌసులు పెరుగుతున్నాయి. వాటిని నిర్మించే సోదరులు ఉష్ణమాపకంతోపాటు బావి మట్టాన్ని, కూలీల ఇంటి గడపను కూడా చూసుకోవాలి. ఇబ్న్ లుయూన్ చెప్పిన నాలుగింటిలో ఒక్కటి కుంగినా సేద్యం నిలవదు.