కొండను చుట్టి పోని పెన్న

కొండ అడ్డం వస్తే నీళ్ళు పల్లం వెతుక్కుని చుట్టి పోవాలి. పెన్న అలా పోలేదు. రాయలసీమలో వరసగా మూడు చోట్ల కొండలు ఎదురైతే మూడింటినీ కోసుకుని తూర్పుకు వచ్చింది. పోనీ గోదావరంత నీళ్ళున్న నదా అంటే, అదీ కాదు. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుకే కనిపించే ఏరు.

పుట్టింది కర్ణాటకలో, చిక్కబళ్ళాపురం జిల్లా నంది కొండల వరసలోని చెన్నకేశవ గిరిలో. అక్కడి నుంచి సూటిగా తూర్పుకు గీత గీస్తే సముద్రం మూడు వందల కిలోమీటర్లలోపే తగులుతుంది. పెన్న మాత్రం ముందు ఉత్తరానికి నడిచి, తర్వాత తూర్పుకు మళ్ళి, మొత్తం 597 కిలోమీటర్లు తిరిగి నెల్లూరు జిల్లా ఊటుకూరు దగ్గర కడలిలో కలుస్తుంది. ఆ కొండల్లోనే పుట్టిన తోబుట్టువు దక్షిణ పినాకిని తమిళనాడు దారి పట్టింది. మనది ఉత్తర పినాకిని. ఆ పేరు పంచాంగాల్లోనూ క్షేత్ర మహాత్మ్యాల్లోనూ వినిపిస్తుంది గానీ ఒడ్డున ఉన్నవాళ్ళు పెన్న అంటారు, లేదా పెన్నేరు.

గౌరిబిదనూరు దాటి హిందూపురం వైపు ఆంధ్రలోకి వచ్చి, మళ్ళీ పావగడ దగ్గర కర్ణాటకలోకి తొంగిచూసి, తిరిగి ఇటు వస్తుంది. ఈ పై భాగమంతా గ్రానైటు, నైసు రాళ్ళ నేల. గుండ్లు గుండ్లుగా పేరుకున్న బోడి కొండలు, మధ్యలో చెరువులు, వేరుశనగ చేలు. అనంతపురం ప్రాంతంలో ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల దరిదాపుల్లో ఉంటుంది. పేరూరు జలాశయం నిండితే అది వార్త. ఉరవకొండ దగ్గరి పెన్నహోబిలానికి వచ్చేసరికి జలాశయంలో నీళ్ళు కనిపిస్తాయి, కానీ వాటిలో చాలావరకు ఎగువ కాలువ మోసుకొచ్చిన తుంగభద్రవి. పెన్న పేరు పెట్టుకున్న జలాశయాల్లో పెన్న నీళ్ళు తక్కువగా ఉండటం ఈ దారి పొడుగునా కనిపించే విచిత్రం.

పామిడి దాటి తాడిపత్రి చేరేలోపు కాళ్ళ కింద రాయి మారిపోతుంది. గుండ్లు పోయి పలకలు మొదలవుతాయి. భూగర్భ శాస్త్రజ్ఞులు కడప బేసిన్ అని పిలిచే ప్రాంతం ఇది. ఒకప్పటి సముద్రపు అడుగున ఇసుక, బురద, సున్నం పొరలు పొరలుగా పేరుకుని రాయిగా మారిన నేల. 1872లో విలియం కింగ్ ఈ రాళ్ళ మీద భారత భూగర్భ సర్వే తరఫున పెద్ద గ్రంథమే రాశాడు. పులివెందుల వైపు ఈ పొరల మధ్య దూరి గడ్డకట్టిన శిలాద్రవం వయసు సుమారు 189 కోట్ల ఏళ్ళని తర్వాతివాళ్ళు లెక్క తేల్చారు. వేంపల్లె సున్నపురాతిలో కంటికి ఆనని జీవులు కట్టిన గుమ్మటాల లాంటి పొరలు కనిపిస్తాయి. చేపలు, గవ్వలు వెతికితే దొరకవు. ఆ రాయి ఏర్పడే నాటికి అవి ఇంకా పుట్టలేదు. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ ఇళ్ళలో గచ్చుగా పరిచే కడప బండ, తాడిపత్రి బండ ఈ బేసిన్‌లోవే. మనం రోజూ చెప్పుల్లేకుండా తొక్కే ప్రాచీన సముద్రపు అడుగు అది.

తాడిపత్రిలో బుగ్గ రామలింగేశ్వరాలయం ఏటి ఒడ్డునే ఉంది. దాని గోపురాలు పైదాకా లేవలేదు, అయినా లేచినంత మేరా శిల్పం కిక్కిరిసి ఉంటుంది. తాడిపత్రి గుళ్ళతో సంబంధమున్న పెమ్మసాని నాయకులే దిగువన గండికోటను ఏలారు.

గండికోటకు పైన చిత్రావతి వచ్చి కలుస్తుంది. అక్కడి నుంచి ఎర్రమలలు. ఈ కొండలకు శిఖరాలుండవు. పైన బల్లపరుపుగా, అంచుల్లో నిట్టనిలువుగా తెగి ఉంటాయి. ఆ బల్లను పెన్న సుమారు మూడు వందల అడుగుల లోతున కోసింది. అంచున నిలబడితే ఎదురు గోడ మీద ఎర్రటి, గోధుమ రంగు వరసలు బండలు పేర్చినట్టు కనిపిస్తాయి. పర్యాటక రాతల్లో దీన్ని గ్రానైటు అని రాస్తున్నారు. గ్రానైటును అనంతపురం వైపే వదిలేసి వచ్చాం. ఇది ఇసుకరాయి ముదిరి బిగిసిన క్వార్ట్‌జైటు. శాస్త్ర గ్రంథాల్లో దీని పేరే గండికోట క్వార్ట్‌జైటు. ఇంత గట్టి రాయి కాబట్టే లోయ అంచులు జారిపోయి వాలుగా మారలేదు. ఈ రాతిలో నిలువు పగుళ్ళు ఉంటాయి. నీళ్ళు అడుగును తొలిచినప్పుడల్లా పగులు వెంట ఒక దిమ్మ ఊడి పడుతుంది, గోడ మళ్ళీ నిలువుగానే మిగులుతుంది. లోయలో పడి ఉన్న పెద్ద పెద్ద దిమ్మలన్నీ అలా రాలినవే.

ఇంతకీ ఈ బక్క ఏరు ఆ కొండను ఎలా కోసింది? ఇప్పుడు మనం చూస్తున్న ఎత్తుపల్లాలకంటే నది దారి పాతదన్నది ఒక వివరణ. నేల నెమ్మదిగా పైకి లేస్తూ, మెత్తటి రాళ్ళు అరిగిపోతూ, గట్టి రాళ్ళు కొండలుగా మిగులుతూ ఉంటే నది మాత్రం తన దారి విడవకుండా కిందికి కోసుకుంటూ పోయింది. ఆ లెక్కన కొండే నదికి అడ్డం వచ్చింది. నాకు ఈ వివరణ నచ్చడానికి కారణం, ఇదొక్కటే గండి కాకపోవడం. కిందికి పోయేకొద్దీ ఇదే కథ మళ్ళీ జరుగుతుంది.

'భారతదేశపు గ్రాండ్ కాన్యన్' అనే బిరుదు మాత్రం నాకు సయించదు. అమెరికాలోని ఆ లోయ మైలు లోతున ఉంటుంది. దాని పక్కన పెడితే మనది చిన్న కోత. పోలిక లేకుండా చూస్తేనే దీని గొప్పతనం తెలుస్తుంది. అక్కడ లేనిది ఇక్కడ అంచు మీదే ఉంది: ఒక కోట, అందులో ఇప్పటికీ కాపురాలున్న ఊరు. 1123లో పశ్చిమ చాళుక్యుల సామంతుడు కట్టించాడని చెప్పే ఈ కోటకు ఒక వైపు గోడే అక్కర్లేదు. లోయే గోడ. మాధవరాయ ఆలయం, రంగనాథాలయం, జామా మసీదు, ధాన్యాగారం ఒకదానికొకటి పిలిస్తే పలికేంత దూరంలో ఉన్నాయి. 1652లో గోల్కొండ సేనాని మీర్ జుమ్లా పెమ్మసాని వారి నుంచి దీన్ని గెలుచుకున్నాడు. ఫ్రెంచి వజ్రాల వర్తకుడు టావెర్నియే అదే ఏడు అతన్ని ఇక్కడే కలిశాడు.

ఇప్పుడు ఆ లోయకు పైనా కిందా ఆనకట్టలే. పైన గండికోట జలాశయం, సుమారు 27 టీఎంసీలు. అందులో నిలిచేది ముఖ్యంగా శ్రీశైలం నుంచి గాలేరు-నగరి కాలువలో వచ్చే కృష్ణ నీరు. 2020లో నీటిమట్టం పెంచినప్పుడు తాళ్ళప్రొద్దుటూరు లాంటి ఊళ్ళు ఖాళీ అయ్యాయి. కింద మైలవరం. అంచున నిలబడి ఫొటో తీసుకునేవాళ్ళు ఈ ఊళ్ళ సంగతి ఎరగరు, ఎవరూ చెప్పరు కూడా.

జమ్మలమడుగు, ప్రొద్దుటూరు నల్లరేగడి చేల మధ్య పెన్న కాస్త ఊపిరి తీసుకుంటుంది. నంద్యాల వైపు నుంచి కుందూ, దక్షిణం నుంచి పాపఘ్ని కలిసేది కమలాపురం ప్రాంతంలో. ఈ పాపఘ్నిదీ అక్క పెన్న బుద్ధే. వేంపల్లె దగ్గర కొండను చీల్చుకుని వస్తుంది. వీరాంజనేయుడి గుడి ఉన్న ఆ చోటును గండి అనే పిలుస్తారు. ఆపైన పుష్పగిరి. గండికోట మొదటిదైతే, కొండల్లో పెన్న తెరుచుకున్న రెండో ద్వారం ఇది. ఒడ్డున, గుట్ట మీద ఆలయాలు, అద్వైత పీఠం.

సిద్ధవటం దగ్గర మట్లి రాజుల కోట నీటి అంచునే ఉంది. 1808 నుంచి నాలుగేళ్ళు కడప జిల్లా కేంద్రం కూడా ఇదే. ఇప్పుడు చూస్తే నమ్మబుద్ధి కాదు. ఇక్కడ ఉత్తరాన లంకమల, దక్షిణాన పాలకొండలు. ఈ కొండల సన్నటి, రాళ్ళు కలిసిన నేలలోనే ఎర్రచందనం పెరుగుతుంది. ప్రపంచంలో అది అడవిగా సహజంగా పెరిగేది ముఖ్యంగా ఇక్కడా, శేషాచలం, వెలికొండల్లోనే. కొండ పాదాల ముళ్ళపొదల్లో కలివికోడి ఉండేది. పక్షి శాస్త్రజ్ఞుడు జెర్డన్ కనిపెట్టగా 1848లో బ్లైత్ వర్ణించిన ఈ రాత్రి పిట్ట 1900 తర్వాత ఎవరి కంటా పడక, అంతరించిందనుకున్నాక, 1986 జనవరిలో రెడ్డిపల్లి దగ్గర దొరికింది. పట్టింది శాస్త్రవేత్త కాదు, టార్చిలైటుతో పిట్టలు పట్టే స్థానికుడు. లంకమల్లేశ్వర అభయారణ్యం దానికోసం వచ్చింది. తర్వాత తెలుగుగంగ కాలువ దాని పొదల్లోంచి పోబోతే దారి మార్చాల్సి వచ్చింది. కాలువ దారిని ఒక పిట్ట మళ్ళించడం ఈ దేశంలో అరుదు.

సిద్ధవటం దాటాక సగిలేరు ఉత్తరం నుంచి, చెయ్యేరు దక్షిణం నుంచి వచ్చి చేరతాయి. ఇప్పుడు కొండల నైజం పూర్తిగా తెలుస్తుంది. కుందూ, పాపఘ్ని, సగిలేరు, చెయ్యేరు తెచ్చిన నీరంతా తూర్పుకు పోవాలంటే వెలికొండల్లో పెన్న కోసిన ఒక్క సందే దిక్కు. మూడో ద్వారమైన ఆ సందులోనే సోమశిల ఆనకట్ట, 78 టీఎంసీలు. పూర్వం రాజులు ఇలాంటి ఇరుకుల్లో కోటలు కట్టి దారిని కాశారు. ఇంజనీర్లు అవే ఇరుకుల్లో నీటిని కాస్తున్నారు. సోమశిల నుంచి నీళ్ళు కండలేరుకు, అటునుంచి చెన్నై కుళాయిలకూ పోతాయి.

అయితే ఈ ద్వారానికి మరో ముఖం ఉంది. పెన్నలో వరద భయం నైరుతిలో కంటే నవంబరు వాయుగుండాల్లోనే ఎక్కువ. 2021 నవంబరు 19న చెయ్యేరు మీద అన్నమయ్య డ్యామ్ కట్ట తెగింది. కమలాపురం దగ్గర పాపఘ్ని వంతెన కూలింది. ఆ నీళ్ళన్నీ సోమశిల సందులో దూరి కిందికి దిగి, నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలు పట్టాల కింది కట్టను కోసేశాయి, చెన్నై రహదారిని తెంచాయి. అందుకే నెల్లూరులో చినుకు లేకపోయినా, కడప, రాజంపేటల్లో కుండపోత అని తెలిస్తే ఏటి పక్క పేటలవాళ్ళు సోమశిలలో ఎన్ని గేట్లు ఎత్తారో కనుక్కుని పొర్లుకట్ట మీదికి సామాన్లు చేరవేస్తారు.